మార్త కోసం మూడో చరణం

కీర్తనల పుస్తకంలో అనువాదకుల పేర్లు చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. అవి కూడా పూర్తి పేర్లు కావు, పొడి అక్షరాలు. ఫలానా కీర్తన ఫలానా పొడి అక్షరాలవారు అని వరుసకొకటి. ఆదివారం పూట గొంతెత్తి పాడేవాళ్లలో ఆ పేజీ తిప్పి చూసినవాడు ఇంతవరకు పుట్టలేదు. అందులో సగానికి పైగా వరుసలు బేబమ్మవి. ఆవిడకు నిక్షేపం లాంటి పేరొకటి ఉంది గాని, అది జీతం కాగితాల మీదికి తప్ప ఇంకెందుకూ పనికి రాలేదు. ఉయ్యాల్లో ఉన్నప్పుడు అన్నయ్య బేబీ అని పిలిచాడు. జుట్టంతా నెరిసి, బడిలో భాష చెప్పే ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా ఆవిడ బేబమ్మే. కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఆ పేరు విని చంటిపిల్ల కోసం మోకాళ్ల ఎత్తులో వెతికారట. ఈ మాట వదిన చెప్పింది కాబట్టి సగమే నమ్మాలి.

వదిన అంటే ఆ అన్నయ్య భార్య. అన్నయ్య పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. బేబమ్మకు పెళ్లి కాలేదు, ఎందుకు కాలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు లేరు. వదినా ఆడపడుచూ ఆ ఇంట్లోనే ఉండిపోయారు. వీధి వైపు గది వదినది. అందులో కిటికీ కింద కుట్టు మిషను, గుడ్డ కత్తిరించే పొడుగు బల్ల, గోడకు కొక్కేలు, వాటికి సగం కుట్టిన బడి చొక్కాలు ఉంటాయి. లోపలి గది నిండా నిఘంటువులూ పాత కీర్తనల పుస్తకాలే, అది బేబమ్మది. వంటగది ఇద్దరిదీ అని పేరే గాని, ఏ డబ్బాలో ఏముందో బేబమ్మకు ఈనాటికీ తెలియదు. టీ పెట్టమంటే నీళ్లు కాగేలోపల ఏదో ప్రాస తట్టి తన గదిలోకి వెళ్లిపోతుంది. గిన్నె మాడిన వాసనకు వదినే లేవాలి. పెత్తనం చెయ్యని ఆడపడుచు దొరకడం అదృష్టమని చుట్టుపక్కలవాళ్లు అంటే, వదిన దానికి తోక తగిలించేది: పెత్తనం చెయ్యదు, పనీ చెయ్యదు అని.

పరాయి భాష కీర్తనను మన భాషలో పెట్టడమంటే అర్థం చూసుకుని రాసుకుంటూ పోవడం కాదు. రాగం ముందే ఉంటుంది, దాన్ని కదపడానికి లేదు. అక్కడ ఎంత చోటుందో మాట అంతలోనే ఒదగాలి. సాగదీసే చోట దీర్ఘం పడాలి. ఊపిరి తీసుకునే చోట మాట విరగకూడదు. విరిగిందా, సంఘమంతా మాటలో సగం మింగి, గాలి పీల్చుకుని, మిగతా సగం తరవాత కక్కుతుంది. కాగితం మీద ముత్యాల్లా కనిపించిన పాదం పాడితే నోట్లో రాళ్లు నమిలినట్టు ఉండవచ్చు. అందుకని రాసిన ప్రతి పాదాన్నీ ఎవరిచేతనైనా పాడించి చూడాలి. అన్నయ్య ఉన్నన్నాళ్లు ఆ బాధ లేదు. చర్చిలో ఆర్గన్ వాయించేది ఆయనే, ఇంట్లో కాలితో తొక్కే చిన్న ఆర్గన్ ఒకటి ఉండేది. ఆయన వాయిస్తూ పాడేవాడు, బాగాలేని చోట మొహం చిట్లించేవాడు. ఆయన పోయాక ఆర్గన్‌ను చర్చికి ఇచ్చేశారు. బేబమ్మ రాయడం మానేసింది.

మళ్లీ మొదలైంది కుట్టు మిషను దగ్గర. ఒక మధ్యాహ్నం బేబమ్మ వీధి గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఏదో పాదాన్ని వల్లె వేస్తుంటే, వదిన మిషను తొక్కుతూ అదే పాదాన్ని లోగొంతుతో పాడుకుంటోంది. కొంతదూరం సాఫీగా వెళ్లింది. ఒకచోట కాలు తడబడి మిషను ఆగింది. బేబమ్మ ఆ చోటు చూసుకుంటే, సరిగ్గా అక్కడే ఊపిరి దగ్గర మాట విరిగి ఉంది. మాట మార్చి మళ్లీ పాడించింది. మిషను ఆగలేదు. ఇంకేం, ఆనాటి నుంచి అదే పద్ధతి. బేబమ్మ గోడవారన పీట మీద కూర్చుని పాదం చదువుతుంది. వదిన కళ్లు సూది మీద, చేతులు గుడ్డ మీద, కాళ్లు పెడల్ మీద పెట్టి పాడుతుంది. మిషను ఆగిన పాదం మీద బేబమ్మ గీత గీస్తుంది. ఎందుకాగావని మొదట్లో అడిగేది. ఏమో, ఆగింది అనేది వదిన. తరవాత అడగడం మానేసింది.

ఈ పద్ధతిలో పొరపాట్లు జరగలేదని కాదు. ఒకసారి ఒక పెళ్లి కీర్తన రెండో పాదం దగ్గర మిషను ఆగింది. బేబమ్మ ఆ పాదాన్ని కొట్టేసి, తల బద్దలు కొట్టుకుని, అంతకంటే నాసిరకం పాదం ఒకటి రాసింది. దాన్ని మిషను ఒప్పుకుంది, అది అచ్చుకూ వెళ్లిపోయింది. ఆ తరవాత తెలిసింది, ఆ రోజు మిషను బెల్టు జారిందని. ఆ కీర్తనను ఇప్పటికీ పెళ్లిళ్లలో పాడుతున్నారు. రెండో పాదం వచ్చేసరికి బేబమ్మ మొహం పక్కకు తిప్పుకుంటుంది, వదిన ఆమె డొక్కలో పొడుస్తుంది. కీర్తనల పుస్తకం కమిటీవాళ్లకు ఇవేమీ తెలియవు. బేబమ్మగారి చెవి బహు సూక్ష్మం అంటారు. ఆవిడ ఆ మెప్పు ఇంటికి మోసుకొచ్చి వదినకు అప్పజెప్తే, మెచ్చుకోవడం ఎందుకు, నా కాళ్లకు మంచి చెప్పులు కొనిపెట్టమను అనేది వదిన.

మిషన్లు బాగుచేసే అతను నూనె వెయ్యడానికి వచ్చినప్పుడల్లా, ఈ కాలంలో ఇంకా తొక్కుడేమిటమ్మా, మోటారు పెట్టిస్తాను, కాలి వేలు ఆనిస్తే చాలు నడుస్తుంది అని పోరేవాడు. వీధిలో అందరూ పెట్టించుకున్నారు. వదిన మాత్రం మోటారు గుడ్డను లాక్కుపోతుంది, నాకొద్దు అనేది. మొండిది అని అతను చిన్నగా గొణుక్కుంటూ నూనె వేసి వెళ్లేవాడు. బేబమ్మ కూడా అలాగే అనుకుంది.

ఇప్పుడు కీర్తనల పుస్తకం కొత్త కూర్పు తయారవుతోంది. అందులో బేబమ్మ ఇవ్వాల్సిన చివరి కీర్తన మార్త మరియలది. ఆ కథ సువార్తలో ఉన్నది కొన్ని వాక్యాలే. యేసు అక్కాచెల్లెళ్ల ఇంటికి వస్తాడు. చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు వింటుంది. అక్క మార్త వచ్చినవాళ్లకు వండి వడ్డించే హడావుడిలో తిరిగి తిరిగి, చివరికి ఆయన దగ్గరికే వచ్చి, పనంతా నా నెత్తిన వేసి ఇది కూర్చుంది, నీకు పట్టదా అని అడిగేస్తుంది. ఆయన మార్త పేరు రెండుసార్లు పిలిచి, నీకు ఎన్నో బెంగలు, మరియ మంచిదే ఎంచుకుంది అంటాడు. అంతటితో కథ అయిపోతుంది. మార్త మళ్లీ వంటింట్లోకి వెళ్లిందో, అక్కడే కూలబడిందో ఎవరూ రాయలేదు. అప్పట్నుంచి ప్రతి బోధకుడూ మరియను ఎత్తుతాడు, మార్తకు చీవాట్లు పెడతాడు.

ఆ కీర్తన రాసినావిడ ఏ దూరదేశపు మనిషో, ఎప్పుడో పోయింది. పెళ్లి కాలేదనీ, అక్క ఇంట్లో ఉండేదనీ, ఒంట్లో ఎప్పుడూ అంతంతమాత్రమేననీ పాత పుస్తకం వెనక రెండు ముక్కలు ఉన్నాయి. మొదటి రెండు చరణాల్లో ఆవిడ కూడా అందరిలాగే మరియనే పొగిడింది. మూడో చరణంలో మార్త వైపు తిరిగింది. అసలు ఆ ఇంటి తలుపు తీసిందెవరు, లోపలికి రమ్మన్నదెవరు అని అడిగింది. రెండుసార్లు పేరు పిలిచింది కోపంతో కాదు అంది. నాలుగో చరణంలో స్తుతి చెప్పి ముగించింది.

బేబమ్మ ఆ మూడో చరణాన్ని వయసులో ఉన్నప్పుడే చదివింది. అప్పట్నుంచీ దాచి పెట్టుకుంది. వదినంటే తనకు ఎంత ప్రాణమో ఆవిడ ఏనాడూ నోరు విప్పి చెప్పలేదు. ప్రపంచంలో ఎవరెవరి ప్రేమనో, పశ్చాత్తాపాన్నో తెచ్చి మన మాటల్లో పెట్టగలదు గాని, సొంత వదినతో నువ్వు లేకపోతే నేను లేను అని ఒక్క వాక్యం అనలేదు. ఈ చరణాన్ని వదిన నోట పలికిస్తే ఆ మాట చేరిపోతుందని ఆవిడ ఆశ. బేబమ్మకు చూపు మసకబారుతోంది. తరవాతి కూర్పు వచ్చేనాటికి ఆవిడ ఉంటుందో లేదో. కాబట్టి ఈ చరణం బాగా రావాలి, పుస్తకంలో ఉండాలి, వదిన పాడాలి. ఆవిడకు కావలసింది అంతే.

ఆ రోజుల్లో వదిన పాటబృందానికి అంగీలు కుడుతోంది. పుస్తకం విడుదల రోజున అందరూ కొత్త అంగీలు వేసుకుని నిలబడాలని చర్చివాళ్లు ఇచ్చిన పని. ముదురు ఊదారంగు గుడ్డ, మందంగా, గజాలకు గజాలు. మిషను మీద పరిస్తే వదిన ఒళ్లోంచి జారి నేల దాకా పరుచుకునేది. బేబమ్మ పీట వేసుకుని మొదటి చరణం చదివింది, వదిన పాడింది. రెండోదీ పాడింది. కూర్చున్నవాళ్లకు మెప్పు, నిలబడ్డవాళ్లకు మొట్టికాయ అన్నమాట, అని ముసిముసిగా నవ్వింది. ఆగు, మూడోది విను అంది బేబమ్మ.

మూడో చరణంలో మూడో పాదం అప్పటికి ఇలా ఉంది:

*అలసిన చేతులు ఆపుము మార్తా, ఆయన నీ యింట*

వదిన కాలు ఆగింది. మిషను ఆగింది. ఆపమంటే నిజంగానే ఆపేశావేంటని బేబమ్మ వేళాకోళం చేసింది. వదిన నవ్వి, బాబిన్‌లో దారం చూసుకోవడానికన్నట్టు కిందికి వంగింది. బేబమ్మ పాదం మీద గీత గీసి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పాదం మార్చింది. మిషను ఆగింది. ఆపుమన్న మాట బరువుగా ఉందేమోనని తీసేసింది. అప్పుడూ ఆగింది. దీర్ఘాలు సరిచూసుకుంది, ఊపిరి చోటు లెక్క పెట్టుకుంది, అంతా సవ్యంగానే ఉంది. ఒక్కోసారి మూడో పాదంలో ఆగేది, ఒక్కోసారి రెండో పాదంలోనే. బేబమ్మకు తలప్రాణం తోకకొచ్చింది. ఇన్ని కీర్తనలు చేసిన చేతికి, అన్నిటికంటే కావలసిన చరణం దగ్గరే పట్టు దొరకడం లేదు.

ఇంతలో పుస్తకం సంపాదకుడు ఫోను చేశాడు. ఆయన మంచివాడే గాని చరణాలు కొయ్యడం ఆయనకు అలవాటు. వదిన ఆయనకు కత్తెరాయన అని పేరు పెట్టింది. తన చేతిలోనూ కత్తెరే, ఆయన చేతిలోనూ కత్తెరే, తాను మాత్రం కొలత తీసుకున్నాకే కోస్తాను అనేది. కత్తెరాయన చల్లగా చెప్పుకొచ్చాడు. ప్రెస్సువాళ్లు పేజీలన్నీ అమర్చేశారు, ఈ కీర్తన నాలుగు చరణాలతో ఉంటే పక్క పేజీలోకి పొంగుతుంది, ఒక్క పేజీ కూడా పెంచడానికి లేదు. మూడో చరణం ఎలాగూ సువార్తలో ఉన్న మాట కాదు, రాసినావిడ ఊహ. అది తీసేస్తే మూడు చరణాలు చక్కగా సరిపోతాయి. పైగా అదింకా మీ దగ్గరే తెమలలేదు కదా, శుక్రవారం సాయంత్రం మళ్లీ చేస్తాను, అప్పటికి రాకపోతే వదిలేద్దాం అన్నాడు. బేబమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఫోనులో మాత్రం అలాగేనండి, చూద్దాం అంది. ఆవిడకు పోట్లాడటం కూడా చేతకాదు.

ఫోను పెట్టేశాక ఇంకో ఆలోచన పురుగులా తొలిచింది. ఆగుతున్నది మాట బాగాలేక కాదేమో. వదిన మనసులో ఏదో ఉందేమో. ఈమధ్య వదిన తీరు మారింది. బజారుకు ఇద్దరూ కలిసి వెళ్లేవాళ్లు, ఇప్పుడు నువ్వే వెళ్లిరా అంటోంది. ప్రార్థనకు కింద కూర్చునే మనిషి కుర్చీ లాక్కుంటోంది. పై అరలోంచి గుడ్డ తీసివ్వమని బేబమ్మను కేకేస్తోంది. మునుపు ఏనాడూ ఒక పని చెప్పి ఎరగదు. చిన్న మాటకు విసుక్కుంటోంది. కూర్చున్నవాళ్లకు మెప్పు అన్నప్పుడు ఆ నవ్వు వెనక నవ్వు లేదేమో. ఇన్నేళ్లు గిన్నెలు తోమీ, బట్టలు కుట్టీ, మాడిన టీ గిన్నెలు గీకీ గీకీ, ఇప్పుడు ఈ పాటతో కడుపులోది బయటికి వస్తోందేమో. చెయ్యి ఆపమని చెప్పడానికి నువ్వెవరు, నువ్వెప్పుడైనా చెయ్యి కదిపావా అని ఆ కాలు అడుగుతోందేమో. బేబమ్మకు అడుగుదామంటే నోరు రాలేదు.

గురువారం మధ్యాహ్నం ఆవిడ ఒక ఎత్తు వేసింది. ఎప్పటిలా మొదటి రెండు చరణాలూ పాడించి, మూడో చరణం పక్కన పెట్టి, దాని చోట నాలుగో చరణం చదివింది. అందులో మార్త లేదు, మరియ లేదు, ఉన్నదంతా స్తుతే. వదిన పాడింది. అదే చోట మిషను ఆగింది.

బేబమ్మ కాగితం కింద పెట్టింది. ఏమీ చెప్పకుండా, అన్నయ్య పోయాక మిషను దగ్గర మొట్టమొదట కుదిరిన ఆ పాత కీర్తన అందుకుంది. ఆ పాట వదినకు నిద్రలో కూడా వస్తుంది. ఆనాడు మాట మార్చాక ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ పాటకు ఆ కాలు తడబడలేదు. వదిన కూడా సంతోషంగా గొంతు కలిపింది. మొదటి చరణం దాటారు, రెండోది దాటారు. మూడోది సగంలో ఉండగా మిషను ఆగిపోయింది. పాట ఇద్దరి నోట్లోనూ ఆగిపోయింది.

అప్పుడు బేబమ్మ మొదటిసారి కిందికి చూసింది. లేచి వెళ్లి, నేల దాకా పరుచుకున్న ఊదా గుడ్డను పక్కకు తీసింది. పెడల్ మీద ఒక్క పాదమే ఉంది. కుడికాలు పక్కకు చాపి ఉంది, చెప్పు విడిచేసి. మోకాలు వాచి, చర్మం బిగుసుకుని మెరుస్తోంది. మోకాలికి ఎప్పుడో కట్టుకున్న అంగీ గుడ్డ ముక్క ఒకటి వదులై చీలమండ దగ్గరికి జారి ఉంది. వదిన ఒంటికాలితో ఆ మందపు గుడ్డను రెండు చరణాల దూరం తొక్కుకుంటూ వస్తోంది. మూడో చరణానికి ఆ కాలి సత్తువ కూడా అయిపోతోంది.

"ఎన్నాళ్లనుంచి?" అంది బేబమ్మ.

వదిన గుడ్డను మళ్లీ కిందికి లాగబోయింది. బేబమ్మ వదల్లేదు.

"అంగీలు మొదలుపెట్టకముందు నుంచే."

"మరి నాతో ఒక్క మాటైనా అనలేదే."

"అనడానికేముంది. కాలు ఆగినప్పుడల్లా నువ్వు తలెత్తుతూనే ఉన్నావు కదా. ఇవాళ అడుగుతుంది, రేపు అడుగుతుంది అనుకున్నా. నువ్వు పదమే చూసుకున్నావు."

కోపంగా అన్న మాట కాదది. దారం అయిపోయింది అన్నట్టే అంది. కోపంగా అని ఉంటే బేబమ్మకు కాస్త తేలికగా ఉండేది. ఆవిడకు సిగ్గుతో ఒళ్లంతా చచ్చిపోయినట్టయింది. ఆ పీట మీద కూర్చుని అన్ని రోజులు ఆ కాలు చప్పుడే వింది, అదొక మనిషి కాలని తోచలేదు. బెల్టు జారిన రోజు కూడా ఇదే చేసింది, ఏమైందని లేచి చూడలేదు. అప్పుడు పోయింది ఒక పాదం. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి, అటునుంచి వస్తూ మిషను అతని దగ్గరికి, మోటారు పెట్టించాల్సిందే, ఈసారి గుడ్డను లాక్కుపోతుందంటే ఊరుకోను అంది.

"మోటారు పెడితే నీకు కాలెక్కడిది?" అంది వదిన. "అది మంచి పదానికీ ఆగదు, చెడ్డ పదానికీ ఆగదు. నువ్వేం వింటావు మరి?"

బేబమ్మకు ఇన్నేళ్లూ మిషను అతను పోరడం, ఇన్నేళ్లూ వదిన వద్దనడం, మొండిది అని తాను కూడా అనుకోవడం అన్నీ వరుసగా గుర్తొచ్చాయి. ఊదా గుడ్డ మడత పెట్టసాగింది. సరిగ్గా మడత పెట్టడం కూడా రాలేదు, వదినే అందుకుని పెట్టింది.

శుక్రవారం పొద్దున డాక్టరు మోకాలు నొక్కి చూసి, కీలు అరిగిపోయిందన్నాడు. ఇక తొక్కడం అనేది ఈ కాలికి లేదన్నాడు. రోజూ వేడి కాపడం పెట్టమన్నాడు. మిషను అతను సోమవారం మోటారు బిగిస్తానన్నాడు, ఎట్టకేలకు నెగ్గినందుకు అతని మొహం వెలిగిపోయింది. ఇంటికి వచ్చాక, సాయంత్రం వదినను కుర్చీలో కూర్చోబెట్టి బేబమ్మ వంటింట్లోకి వెళ్లింది. గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. మధ్యలో మూడో చరణానికి ఒక పాదం తట్టింది. రాసిన విదేశీ ఆవిడ అలసినదానా అని మాత్రమే అంది, ఏది అలిసిందో చెప్పలేదు. చేతులని పెట్టింది తానే. ఆ పాదాన్ని నోట్లోనే పెట్టుకుని, నీళ్లు కాగేదాకా పొయ్యి దగ్గరే నిలబడింది.

బేబమ్మ వదిన కుర్చీ ముందు నేల మీద కూర్చుని, ఆ కాలు ఒళ్లో పెట్టుకుని, వేడి గుడ్డ పిండి మోకాలి మీద వేసింది. వదిన మొదట ఇబ్బందిగా కాలు వెనక్కి లాక్కుంది. ఆడపడుచుతో కాలు పట్టించుకున్నానని పరలోకంలో మీ అన్నయ్య నవ్వుతాడే అంది. తరవాత వేడి హాయిగా ఉండి ఊరుకుంది. ఊరికే కూర్చోవడం అలవాటు లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకు తెలియలేదు. కాసేపు కుర్చీ చేతుల మీద, కాసేపు ఒళ్లో పెట్టుకుంది. వీధి గదిలో మిషను చప్పుడు లేదు. కిటికీలోంచి బండ్ల చప్పుడు వినిపిస్తోంది.

"మిషను లేదు. పాట ఎలా చూస్తావు మరి?" అంది వదిన.

"చూడను. నేనే పాడతా, నువ్వు విను."

బేబమ్మ గొంతు పాడే గొంతు కాదు. బడిలో అరిచి అరిచి ఎప్పుడో బొంగురుపోయింది. ఒక మనిషి మొహం ముందు కూర్చుని పాట మొత్తం పాడటం ఆవిడ బతుకులో అదే మొదలు. మొదటి చరణం వణుకుతూ అయింది. రెండోది కాస్త కుదుటపడింది. మూడో చరణం వచ్చేసరికి వదిన మొహం చూడలేక, మోకాలి మీది గుడ్డను చూస్తూ పాడింది:

*తలుపు తీసినది నీవే మార్తా, తావిచ్చినది నీవే,*
*మారు మారు నీ పేరు పిలిచెను, మందలింపుగా కాదే,*
*అలసిన కాళ్లకు ఆసనమిచ్చును అతిథియె నీ యింట.*

నాలుగో చరణం కూడా పాడేసి ఆగింది. ఒళ్లో ఉన్న కాలు కదల్లేదు. ఆ కాలు ఏం చెప్తోందో ఈసారి ఆవిడకు తెలియలేదు. తలెత్తి చూసింది. వదిన కళ్లు తుడుచుకోవడం లేదు, అవి కారుతుంటే ఊరికే కారనిస్తోంది.

"నిజంగా రెండుసార్లు పిలిచాడా?" అంది వదిన.

"నిజంగానే. సువార్తలోనే ఉంది."

"చిన్నప్పట్నుంచి చదువుతున్నా. తిడుతున్నాడనే అనుకున్నా."

బేబమ్మ గుడ్డను మళ్లీ వేడి నీళ్లలో ముంచి పిండింది. చెప్పాలనుకున్న వాక్యం అప్పుడు కూడా నోటి దాకా వచ్చి ఆగింది. కాసేపటికి అది తనంతట తానే వచ్చేసింది. "నువ్వు లేకపోతే నేను లేను వదినా" అంది. వదిన ఆమె నెరిసిన తల మీద చెయ్యి వేసి, సంగతి తెలుసులే అన్నట్టు ఒక్కసారి నొక్కింది.

అప్పుడే ఫోను మోగింది. కత్తెరాయన. బేబమ్మ ఎత్తి, మూడో చరణం అయిందండి అంది. ఆయన సంతోషించి, కానీ పేజీ సంగతి మాత్రం అలాగే ఉంది, తీసెయ్యడమే మేలనిపిస్తోంది అన్నాడు. తీసేస్తానన్నది ఈ చరణమేనా అని వదిన పక్కనుంచి అడిగింది. ఇదేనని బేబమ్మ తలూపింది. వదిన చెయ్యి చాపి ఫోను లాక్కుంది. పాటబృందం అంగీలన్నిటికీ ఒళ్లు కుట్టాను, చేతులు ఇంకా కుట్టలేదు, చరణం పోతే చేతులూ ఉండవు, అలాగే నిలబడి పాడుకోండి అని నెమ్మదిగా, మర్యాదగా చెప్పింది. అవతల ఆయన కంగారుపడి, తనకు ఇష్టం లేక కాదనీ, ప్రెస్సువాళ్ల దగ్గర నిజంగానే పేజీ లేదనీ, కావాలంటే వచ్చి చూసుకోమనీ బతిమాలుకున్నాడు.

బేబమ్మ ఫోను మళ్లీ తీసుకుంది. చివర అనువాదకుల పేజీ ఉంది కదండీ అంది. అందులో సగానికి పైగా వరుసలు నావే. అవన్నీ తీసెయ్యండి. మిగతావాళ్ల వరుసలు విషయసూచిక కింద ఖాళీలో పట్టేస్తాయి, మీకు ఒక పేజీ మిగులుతుంది అంది. మీ పేరు ఇంక పుస్తకంలో ఎక్కడా ఉండదమ్మా అన్నాడు. ఉండనక్కర్లేదు లెండి, మూడో చరణం ఉంటే చాలు అని ఆవిడ ఫోను పెట్టేసింది. ఒకరితో బేరమాడటం ఆవిడకు జీవితంలో ఇదే మొదటిసారి.

వదిన తన కాలు మళ్లీ ఆవిడ ఒళ్లో పెట్టింది. ఈసారి ఇబ్బంది పడలేదు.

"ఏం తియ్యమన్నావు?"

"ఎవరూ చూడని పేజీ ఒకటి."

వదిన ఆవిడ వంక చూసింది. ఆ పేజీ వదిన చూసింది. కొత్త కూర్పు వచ్చిన ప్రతిసారీ, పుస్తకం చేతికి రాగానే మొదట వెనక నుంచి తెరిచి, ఆ పొడి అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ ఒక్కో వరుసా చదివింది. ఆ మాట ఆవిడ బేబమ్మకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. నీళ్లు చల్లారినట్టున్నాయి, మళ్లీ కాచుకురా అంది.

"వచ్చి ఆ మూడోది ఇంకోసారి పాడు" అంది.